ఇంటి కంప్యూటరులో తపాలా పని

మా స్త్రీల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఇప్పుడు కార్డులు, కవరులు తక్కువ. ఎక్కువ భాగము ఈ-మెయిలుగా వచ్చుచున్నవి. వెనుక గోనెసంచులలో ఉత్తరములు వచ్చిన దినములలో వాటిని దాచుటకు బీరువాలు చాలెడివి కావు. ఈ-మెయిలు వచ్చిన తరువాత ఆ బాధ తప్పినదని సంతోషించితిమి. ఆ సంతోషము చాల కాలము నిలువలేదు. ఉచితముగా లభించిన ఆ పెట్టె ఒకనాడు నిండిపోయెను. ఇకమీద వచ్చు ఉత్తరములు పంపినవారికే తిరిగిపోవునని తెరమీద ఎర్రని హెచ్చరిక కనబడెను. మరునాటి కార్యక్రమమునకు ఉత్తరములు కావలసియున్నవి. వేరు దారి తోచక, పాతవే గదాయని రెండు సంవత్సరముల ఉత్తరములను ఒక్కసారిగా చెరపివేసితిమి.

ఆరు నెలలు గడచిన పిమ్మట కృష్ణా తీరమునందలి ఒక పల్లెనుండి ఒక యువకుడు ఫోను చేసెను. "మా మామ్మగారు పోయిన నెలలో పోయారండీ. ఆవిడ చెబుతూంటే నేనే టైపు చేసి మీకు పంపేవాణ్ణి. నా పాత ఫోను పాడైపోయింది, అందులోవన్నీ పోయాయి. ఆవిడ రాయించిన ఉత్తరాలు మీ దగ్గరుంటే ఒక్కసారి ఇప్పిస్తారా?" అని అడిగెను. ఉన్నవని చెప్పబోయి ఆగితిమి. నలుబది సంవత్సరముల క్రిందటి కార్డులు మా బీరువాలో ఉన్నవి. నిన్న మొన్నటి ఈ-మెయిలు లేదు. వెదకి చెప్పెదమని మాత్రము చెప్పి ఫోను పెట్టివేసితిమి. ఆ పూట మొదలుపెట్టిన పనిని గురించియే ఈ ప్రసంగము.

ఈ-మెయిలును వాడుట అందరికిని అలవాటైనదే గాని, ఒక్క సంగతిని స్పష్టపరచుకొనవలెను. కంప్యూటరులో మనము చూచుచున్నది ఉత్తరమును చూపు ఒక కిటికీని మాత్రమే. ఉత్తరము ఎక్కడో దూరమున, ఆ సేవను నడుపు సంస్థవారి సర్వరులో ఉన్నది. కిటికీ కూడ ఆ సంస్థవారిదే కావలెనను నియమము లేదు. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు నెట్‌వర్కు మీద ఉత్తరము పంపి, చిరునామాలో 'ఎట్' గుర్తును ప్రవేశపెట్టెను. ఆనాటినుండి ఈ తపాలా ఏ ఒక్కరి సొత్తుగాను పెరుగలేదు. ఉత్తరము పంపుటకు యంత్రములు పాటింపవలసిన మర్యాదలను 1982లో జాన్ పోస్టెల్ బహిరంగముగా ప్రకటించెను. వానికి ఎస్.ఎం.టి.పి. అని పేరు. సర్వరులోని పెట్టెను దూరమునుండి తెరచి చూచుటకు తగిన మర్యాదలను 1986లో స్టాన్‌ఫర్డులో మార్క్ క్రిస్పిన్ రూపొందించెను. అది ఐ-మ్యాప్. ఈ రెండును తెలిసిన ఏ ప్రోగ్రామైనను మన ఉత్తరములను తెచ్చి మనకు చూపగలదు. అట్టి ప్రోగ్రామును క్లయింటు అందురు. సేవ నడుపు సంస్థవారే తయారుచేసి ఇచ్చినది అధికార క్లయింటు. బయటివారు చేసినది అనధికారమైనది. అనధికారమనగానే దొంగసొత్తేమో యని శంకింప నక్కరలేదు. ఏ కళ్లద్దములు పెట్టుకొని ఉత్తరము చదువుకొందుమో తపాలా జవాను అడుగడు గదా. అయితే ఈ-మెయిలు సంస్థలు ఇటీవల అడుగుట మొదలుపెట్టినవి. ఆ ముచ్చట తరువాత వచ్చును.

మేము ఎంచుకొన్న క్లయింటు పేరు మట్. ఇంగ్లీషులో ఆ మాటకు జాతి తెలియని కుక్క యని అర్థము. 1995లో మైకేల్ ఎల్కిన్స్ దీనిని వ్రాసెను. అంతకు ముందున్న ఎల్మ్, పైన్ మొదలైన క్లయింటుల లక్షణములు ఇందులో కలిసియున్నవి గనుక పేరు తగినదే. 2020 నవంబరులో దీని 2.0 ప్రతి వెలువడినది. చూచుటకు అందమైనది కాదు. బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు. నల్లని తెరమీద ఉత్తరముల జాబితా వరుసగా నిలుచును. ఒక్కొక్క మీట ఒక్కొక్క పని చేయును. మా గదిలోని కంప్యూటరు పది సంవత్సరముల నాటిది. బ్రౌజరులో తపాలా కిటికీ తెరచినచో దాని ఫ్యాను రొద పక్క గదిలోని రికార్డింగువరకు వినిపించెడిది. మట్ తెరచినచో చడీచప్పుడు లేదు. రేడియోవారికి ఇది చిన్న గుణము కాదు.

ప్రతి ఇంటికిని మట్ తగునని మేము చెప్పబోము. 2004లో 1.0 ప్రతిగా వెలువడిన థండర్‌బర్డు అను క్లయింటు ఉన్నది. అది తెలుగును చక్కగా చూపును, ఉత్తరములను మన డిస్కులో దాచును, బొమ్మలును బొత్తాములును కలది. చాలమందికి అది చాలును. మట్ అయినను డెబియన్ వంటి లినక్సు పంపిణీలలో సిద్ధముగనే లభించును. ఒక్క ఆదేశముతో వచ్చి కూర్చుండును. మరి కంపైలు చేయుట యెందుకు? స్థిరమైన పంపిణీలలో ప్రతి ప్రోగ్రామును ఒక ప్రతివద్ద నిలిపివేయుదురు. భద్రతకు సంబంధించిన మరమ్మతులు వచ్చుచుండును గాని కొత్త విద్యలు రావు. మా యంత్రములోని సిద్ధప్రతికి, మా ఈ-మెయిలు సంస్థవారు కొత్తగా పెట్టిన ద్వారమును తెరచు నేర్పు లేదు. కొత్త ప్రతిని మేమే కట్టుకొనవలసి వచ్చినది.

ప్రోగ్రామును మనుష్యుడు వ్రాయు భాష వేరు, యంత్రము గ్రహించు భాష వేరు. మట్ సి భాషలో వ్రాయబడినది. చదువుటకు వీలైన ఆ మూలప్రతిని సోర్సు కోడు అందురు. దానిని మన యంత్రమునకు పనికివచ్చు యంత్రభాషలోనికి మార్చుటయే కంపైలు చేయుట. బజారులో కారపుపొడి పొట్లము కొనుటకును, మిరపకాయలు తెచ్చి ఎండబెట్టి తొడిమలు తీసి దంపించుకొనుటకును గల భేదమే ఇక్కడను ఉన్నది. దంపించుకొన్నంత మాత్రమున కాయలు మంచివని రుజువు కాదు. ఈ మాట యెందుకు చెప్పవలసి వచ్చినదనగా, చేతులారా కంపైలు చేసిన ప్రోగ్రాము తప్పక సురక్షితమను నమ్మకము కొందరిలో ఉన్నది. మట్ మూలప్రతిలోని వేలకొలది పంక్తులను మేము చదువలేదు. చదివినను మాకు తెలియునది స్వల్పము.

2024 మార్చిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పదగినది. ఎక్స్-జడ్ అనునది ఫైళ్లను కుదించు ఒక చిన్న సాధనము; లినక్సు యంత్రములలో దాదాపు అంతటను ఉన్నది. దాని నిర్వహణలో సహాయకుడుగా చేరి, రెండు సంవత్సరములకు పైగా మంచి పని చేసి నమ్మకము సంపాదించిన ఒక వ్యక్తి, 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగద్వారమొకటి పెట్టెను. దానిని మేలుకొలుపు భాగమును అందరును చూచు మూలప్రతిలో ఉంచక, పంచిపెట్టు మూటలో మాత్రము చేర్చెను. ఆ మూటనుండి లినక్సు పంపిణీల ప్యాకేజీలను కట్టినవారు దొంగను తామే ఇంట కూర్చుండబెట్టుకొన్నవారైరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములోనికి దూరమునుండి ప్రవేశించునపుడు అర సెకను ఆలస్యమగుచున్నదేమని కారణము వెదకి వెదకి దీనిని పట్టుకొనెను. అర సెకను! మా గడియారములలో అర సెకను తేడాను మేము పట్టించుకొనుచున్నామా యని ఆనాడు మాలో మేము ప్రశ్నించుకొంటిమి.

కనుక మట్ మూటను దాని అసలు నిలయమునుండియే తెచ్చి, దానితోకూడ ఇచ్చిన సంతకమును సరిచూచితిమి. సంతకము మూటను ఎవరు కట్టిరో చెప్పును, లోపల ఏమి కట్టిరో చెప్పదు. అంతవరకే దాని విలువ. అయినను తెలియనివారు తెలియనిచోట పెట్టిన సిద్ధప్రతికి మన పెట్టె తాళము అప్పగించుటకంటె ఇది మేలు. క్లయింటు అనగా మన ఉత్తరములన్నియు చదువగలది, మన పేర ఉత్తరము పంపగలది. అట్టి దానిని ఎవరు ఇచ్చిరో తెలియకుండ ఇంటిలోనికి రానీయరాదు.

ఇక పని. ఆదేశములను చుక్కలతో, గీతలతో రేడియోలో చదువుట కుదరదు. ఈ పత్రికలో కూడ వానిని అక్షరము వెంట అక్షరముగా ఇచ్చుట లేదు. మూటతో వచ్చిన సూచనల పత్రములో అవన్నియు ఉన్నవి. క్రమము మాత్రము చెప్పెదము. మూట విప్పిన తరువాత 'కాన్ఫిగర్' అను లిపిని నడుపవలెను. అది యంత్రమును కలయజూచి, కంపైలరు ఉన్నదా, ఫలానా గ్రంథాలయము ఉన్నదా యని ఒక్కొక్కటిగా ప్రశ్నించుకొనుచు, ఉన్నది, లేదు అని తెరమీద వ్రాయుచు పోవును. పెండ్లి సామానుల జాబితా పట్టుకొని ఇంటి పెద్ద అడిగినట్లుండును. దాని తరువాత 'మేక్' అన్నచో కంపైలు జరుగును. చివర 'మేక్ ఇన్‌స్టాల్' అన్నచో తయారైనది తన చోట కూర్చుండును. దానిని మా సొంత ఖాతాలోని అరలోనే పెట్టునట్లు ముందే చెప్పితిమి. యంత్రమంతటిమీద అధికారము అక్కరలేకుండ పని జరిగెను.

మొదటిసారి మేము కాన్ఫిగరును ఏ షరతులును చెప్పక నడిపితిమి. అది తప్పు. మట్ తనంత తానుగా అన్ని విద్యలను చేర్చుకొనదు, కావలసినవి అడుగవలెను. ఐ-మ్యాప్ కావలెను, ఎస్.ఎం.టి.పి. కావలెను, దారిలో ఎవరును చదువకుండ కాపాడు ఎస్.ఎస్.ఎల్. కావలెను అని ఒక్కొక్కదానిని పేరు పెట్టి చెప్పవలెను. చెప్పినను, ఆ గ్రంథాలయములు నడచు రూపములో ఉన్నంతమాత్రమున చాలదు. కంపైలు చేయుటకు ఉపకరించు డెవలప్‌మెంటు ప్యాకేజీలు వేరుగా తెచ్చుకొనవలెను. మాకు ఒక సాయంత్రమంతయు ఈ భేదము తెలియకనే గడచిపోయెను. మట్ తనలో ఏ విద్యలున్నవో అడిగినచో చెప్పును: ఉన్నదానికి ముందు కూడిక గుర్తు, లేనిదానికి ముందు తీసివేత గుర్తు పెట్టి జాబితా చూపును. మా మొదటి కట్టడములో ఎస్.ఎస్.ఎల్.కు ముందు తీసివేత గుర్తు ఉండెను. సర్వరు తలుపు తీయకపోవుటకు కారణమదియే. మరియొక విద్య హెడరు క్యాష్. ఇది లేనిచో పెట్టె తెరచినప్పుడెల్ల ప్రతి ఉత్తరపు తలకట్టును సర్వరునుండి మరల తెచ్చుకొనును. వేలకొలది ఉత్తరములున్నచోట కాఫీ త్రాగి వచ్చుటకు వ్యవధి దొరకును. ఇది ఉన్నచో ఒకసారి తెచ్చినదానిని జ్ఞాపకముంచుకొనును. మూడవ కట్టడమునకు గాని మాకు ఇవన్నియు సమకూరలేదు.

పెట్టె తెరచుకొనెను. ఇంగ్లీషు ఉత్తరములు ముత్యములవలె కనబడినవి. తెలుగు ఉత్తరము తెరచినంతనే 340, 260, 244 అని అంకెలు బారులు తీరినవి. ఎవరో లెక్కల పుస్తకము పంపినట్లుండెను. ఇందులో మర్మము తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. మొదట ఈ-మెయిలు ఇంగ్లీషు అక్షరములకే ఏర్పడినది. 1990 ప్రాంతములలో విదేశములందలి తెలుగువారు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. అను పద్ధతిని అనుసరించి తెలుగును ఇంగ్లీషు అక్షరములలోనే వ్రాసికొనెడివారు. నేటికిని కొందరు పెద్దలు మాకు అట్లే వ్రాయుచున్నారు. వారి ఉత్తరములు ఏ క్లయింటులోనైనను చెక్కు చెదరక కనబడును. 1991లో యూనికోడ్ మొదటి సంపుటమునందే తెలుగునకు స్థానము లభించెను. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు కనిపెట్టిన యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరమును మూడేసి బైట్లుగా పంపుదురు. మేము చూచిన 340, 260, 244 అనునవి త అక్షరపు మూడు బైట్లు. మట్ త అక్షరమును పోగొట్టలేదు. దానిని త అని చదువవలెనని ఎవరును దానికి చెప్పలేదు. యంత్రమునకు భాషా పరిసరమును తెలుపు లొకేల్ అను ఏర్పాటు ఖాళీగానుండెను. దానిని యు.టి.ఎఫ్-8 అని దిద్దగా అంకెలు పోయి అక్షరములు వచ్చినవి. కాని పంక్తులు ఒకదానిమీదికొకటి జరిగి తెర కలగాపులగమాయెను. తెరమీద వ్రాయు గ్రంథాలయములో విశాలాక్షరములకు తగిన రూపము వేరుగా ఉన్నదనియు, మేము చేర్చినది సన్నాక్షరముల రూపమనియు అప్పుడు తెలిసెను. నాలుగవ కట్టడము.

నాలుగవ కట్టడముతోనైనను తెలుగు సంపూర్ణముగా తీరినదని చెప్పలేము. మట్ నడచు టెర్మినల్ అను తెర లెక్కల కాగితమువలె గళ్లు గళ్లుగా ఉండును. ఇంగ్లీషులో అక్షరమునకొక గడి. మన భాషలో వత్తులు క్రిందికి దిగును, గుణింతములు పైకి పోవును, మూడు హల్లులు ఒక్క అక్షరముగా ముడిపడును. వీటిని గళ్లలో ఇముడ్చుట చాల టెర్మినళ్లకు చేతకాదు. 'లక్ష్మి' అని వ్రాసిన శ్రోత పేరు తెరమీద ముక్కలు ముక్కలై కనబడెను. అందుచేత జాబితా చూచుట, వెదకుట, దాచుట మట్‌లో చేయుచు, ఉత్తరమును తీరికగా చదువవలసినప్పుడు దానిని మరియొక మామూలు ఎడిటరులోనికి పంపి చదువుకొనుచున్నాము. జవాబు వ్రాయుటకును అదే ఎడిటరును ఏర్పాటు చేసితిమి. తెలుగు ఉత్తరములే ఎక్కువగా చదువు ఇండ్లకు థండర్‌బర్డు మేలని చెప్పుటకు ముఖ్యకారణము ఇదియే.

మట్ ఏర్పాట్లన్నియు ఒక్క చిన్న ఫైలులో వ్రాయుదురు. మన పేరు, మన చిరునామా, సర్వరు పేరు, ఐ-మ్యాప్ ద్వారము 993, ఉత్తరము పంపు ద్వారము 587, ఇట్లు పంక్తికొక సంగతి. ఇందులోనే సంకేతపదమును కూడ వ్రాసి ఊరకుండువారున్నారు. మేమును మొదట అట్లే చేసితిమి. ఒక మిత్రుడు తనకు కూడ కావలెనని అడుగగా ఫైలును ఉన్నదున్నట్లు పంపబోయి, పంపు మీటమీద వ్రేలు పెట్టిన తరువాత గాని మాకు సంకేతపదము జ్ఞప్తికి రాలేదు. ఆ దినమే దానిని మార్చి, ఫైలులోనుండి తీసివేసి, జి.పి.జి. అను సాధనముతో గుప్తపరచిన వేరొక ఫైలులో పెట్టితిమి. మట్ దానిని అవసరమైనప్పుడు తెరపించుకొని చదువుకొనును.

అయినను ఇప్పుడు చాలచోట్ల సంకేతపదముతోనే పని తీరదు. గూగుల్ సంస్థ 2022 మే నెలాఖరునుండి, పేరు సంకేతపదములు మాత్రము చెప్పి లోనికి వచ్చు బయటి క్లయింటులకు తలుపు మూయుట మొదలుపెట్టెను. రెండంచెల పరీక్ష పెట్టుకొన్నవారికి 16 అక్షరముల ప్రత్యేక సంకేతపదమొకటి ఇచ్చును. మైక్రోసాఫ్టు సంస్థ 2022 అక్టోబరునుండి తన వ్యాపార తపాలాలో పాతపద్ధతిని మాన్పించుచు వచ్చెను. కొత్త పద్ధతిలో సంకేతపదమును క్లయింటునకు చెప్పనే చెప్పము. బ్రౌజరులో సంస్థవారి ఎదుటనే చెప్పుదుము. వారు క్లయింటునకు కొద్దికాలము చెల్లు చీటీ ఒకటి ఇత్తురు. దానిని టోకెను అందురు. పద్ధతి మంచిదే. చీటీ దొంగిలింపబడినను అది కొంతసేపటికి చెల్లకపోవును. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, చీటీ యిచ్చుటకు ముందు 'నీవు ఏ ప్రోగ్రాముదానవు?' అని అడుగుదురు. థండర్‌బర్డు వంటి పెద్దవారికి నమోదైన పేరున్నది. మట్ వంటి వీధికుక్కకు మెడపట్టీ లేదు.

అందుచేత మా ఈ-మెయిలు సంస్థవారివద్ద మేమే ప్రోగ్రాము కర్తలమని నమోదు చేసికొని, మా క్లయింటునకు ఒక పేరు పెట్టి, గుర్తింపు సంఖ్య తెచ్చుకొంటిమి. తరువాత ఆ సంఖ్యతో చీటీ అడుగగా, 'ఈ ప్రోగ్రామును మేము పరిశీలింపలేదు. దీని కర్తను మీరు నమ్ముచున్నారా?' అని తెరమీద ప్రశ్న వచ్చెను. కర్తలము మేమే, నమ్మవలసినవారము మేమే. కొంచెము ఆలోచించియే అవునంటిమి. అంతటితోనైన పోలేదు. పరిశీలింపబడని ప్రోగ్రామునకు ఇచ్చిన అనుమతి వారము దినములలో చెల్లిపోవును. ప్రతి సోమవారము ఉదయము మరల అదే ప్రశ్న, మరల అదే జవాబు. భద్రతకొరకే ఈ ఏర్పాటని వారందురు. మేము కాదనము. కాని బహిరంగమైన మర్యాదలతో పుట్టిన తపాలాలో కళ్లద్దములకు కూడ అనుమతిపత్రము చూపవలసి వచ్చుట మాకు రుచించలేదు. మా అభిప్రాయము ఇది, వేరువిధముగా తలచువారుండవచ్చును.

ఇక అసలు పని: ఉత్తరములను ఇంటికి తెచ్చుట. మట్‌లో ఉత్తరములన్నిటికి ఒక్కసారిగా గుర్తు పెట్టి మన డిస్కులోని అరలోనికి పంపవచ్చును. ఇక్కడ రెండు మీటలున్నవి. చిన్న ఎస్ నొక్కినచో ఉత్తరము ఇచ్చటికి వచ్చి, అచ్చట చెరపివేయుటకు గుర్తు పడును. పెద్ద సి నొక్కినచో నకలు మాత్రమే వచ్చును. ఒకసారి చేయి కాలియున్న మేము పెద్ద సి నొక్కితిమి. డిస్కులో దాచు పద్ధతికి మెయిల్‌డిర్ అను దానిని ఎంచుకొంటిమి. దానిని డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించెను. ఇందులో ఒక్కొక్క ఉత్తరము ఒక్కొక్క ఫైలు. ప్రతి పెట్టెలోను మూడు అరలు: వ్రాయుచున్నది, కొత్తగా వచ్చినది, చూచినది. ఉత్తరము మొదట వ్రాయు అరలో పూర్తిగా తయారైన తరువాతనే తక్కిన అరలలోనికి జరుపబడును. దీని విలువ మాకు ఆ రాత్రియే తెలిసెను. సుమారు 9 వేల ఉత్తరములు దిగుచుండగా మధ్యలో కరెంటు పోయెను. తిరిగి వచ్చిన తరువాత చూడగా, సగము వచ్చి ఆగిన ఉత్తరము ఒక్కటి మొదటి అరలోనే పడియుండెను. తక్కినవానిలో ఒక్క అక్షరమును చెడలేదు. ఆగినచోటినుండి మరల మొదలిడితిమి.

తరువాత సర్వరులోని పెట్టెను ఖాళీ చేయవలెను. రెండు సంవత్సరములకు పైబడినవానిని చెరపుటకు తేదీ షరతు వ్రాసి, పెద్ద డి మీట నొక్కితిమి. తెరమీద ఈ నెల ఉత్తరములన్నిటికి చెరపు గుర్తులు పడినవి. షరతులో రెండు సంవత్సరములకు ముందుండవలసిన బాణపు గుర్తు తలక్రిందులైనది. ఒకవైపు త్రిప్పినచో రెండేండ్లకంటె పాతవి, రెండవవైపు త్రిప్పినచో రెండేండ్లలోపువి. అదృష్టవశమున మట్ గుర్తు పెట్టును గాని వెంటనే చెరపదు. పెట్టె మూయునపుడు చెరపుమందువా యని అడుగును. క్యూ మీటతో బయటికి వచ్చినచో ఆ ప్రశ్న వచ్చును. ఎక్స్ మీటతో వచ్చినచో పెట్టిన గుర్తులన్నియు పోయి పెట్టె యథాతథముగా ఉండును. ఎక్స్ నొక్కి వచ్చి, మంచినీళ్లు త్రాగి, నకళ్లను రెండవ డిస్కులోనికి కూడ ఎక్కించి, మరునాడు గాని మరల డి మీట జోలికి పోలేదు.

ఇంతలో ఆ పల్లెయువకునికి ఇచ్చిన మాట మిగిలియున్నది. మేము చెరపిన రెండు సంవత్సరములకు తరువాత కూడ మామ్మగారు వ్రాయించియుండవచ్చునని ఆశ. ఆతని చిరునామాతో వెదకగా ఏమియు దొరకలేదు. ఫోను మారినప్పుడెల్ల చిరునామా కూడ మారినదని ఆతడే చెప్పెను. ఆమె ప్రతి ఉత్తరమును రేడియోవారికి దీవెనలు చెప్పియే మొదలుపెట్టించెడిదని కూడ చెప్పెను. దీవెనలు అను మాటతో ఉత్తరముల లోపల వెదకితిమి. మట్ తడుముకొనకుండ ఏమియు లేదనెను. తెలుగు ఉత్తరము ప్రయాణము చేయునపుడు తెలుగుగా ప్రయాణము చేయదు. 1992లో ప్రకటింపబడిన మైమ్ పద్ధతిప్రకారము దానిని తరచుగా ఇంగ్లీషు అక్షరములు, అంకెలు కలిసిన గుప్తలిపివంటి రూపములోనికి మార్చి పంపుదురు. డిస్కులో దాగినదియు ఆ రూపమే. ఆ మూటలో 'దీవెనలు' అని వెదకినచో ఎట్లు దొరకును? విప్పి చూచి వెదకుమని చెప్పు ఏర్పాటు మట్‌లో ఉన్నది. మా మిత్రుని ఫైలును చూచి మేము వ్రాసికొన్నదానిలో, పని వేగముగా సాగుటకై దానిని వలదని వ్రాసియుండిరి. ఇంగ్లీషు ఉత్తరములు చదువువారికి అది చిక్కు కాదు. వలదన్న మాటను కావలెనని దిద్ది మరల వెదకితిమి. ఈసారి చాలసేపు పట్టెను. చివరకు ఏడు ఉత్తరములు వరుసగా తెరమీద నిలిచినవి.

ఏడింటిలో రెండింటికి ఎదుట ఓ అను ఇంగ్లీషు అక్షరమున్నది. పాతది, ఇంకను చదువబడనిది అని దాని అర్థము. వానిలో ఒకటి ఆమె వ్రాయించిన చివరి ఉత్తరము. ఆవకాయ ప్రసంగములో ఆవపిండి పాళ్లు తప్పు చెప్పినామనియు, వార్తల తరువాత వచ్చు ప్రకటనను గబగబ చదువుచున్నామనియు, తన చెవులు మునుపటివి కావు గనుక నిదానించి చదువవలసినదనియు అందులో ఉన్నది. జవాబు కోరినది. మేము ఈయలేదు.

ఏడు ఉత్తరములను కాగితముమీద అచ్చుతీసి, మా క్షమాపణ పత్రముతో రిజిస్టరు తపాలాలో ఆ ఇంటికి పంపితిమి. యువకుని కొత్త చిరునామాకు ఈ-మెయిలులో కూడ పంపితిమి. ప్రకటన చదువువారికి ఆమె మాట చెప్పితిమి. ఆవపిండి పాళ్లను తరువాతి వారము సవరించితిమి. కొత్త ఉత్తరములను ప్రతి శనివారము రెండు డిస్కులలోనికి దించుచున్నాము. చదువబడనివాని జాబితాను సోమవారము ఉదయము, ఆ చీటీ ప్రశ్నకు జవాబు చెప్పిన వెంటనే, ముందుగా తెరచుచున్నాము.